టీవీ చేతికి మీ టోకెన్

కొత్త స్మార్ట్ టీవీలో యూట్యూబ్ తెరిస్తే తెరమీద ఒక కోడ్ కనిపిస్తుంది. ఫోన్లో ఫలానా సైట్ తెరిచి దాన్ని కొట్టమంటుంది. కొట్టి, అనుమతి ఇవ్వగానే టీవీలో మీ ఖాతా ప్రత్యక్షం! రిమోట్‌తో పాస్‌వర్డ్ కొట్టే తంటా ఉండదు.

తెరవెనక ఏం జరుగుతుంది? టీవీ ముందుగా సర్వర్ని అడిగి కోడ్ తెచ్చుకుంటుంది. తర్వాత సాధారణంగా 5 సెకన్లకోసారి 'ఒప్పుకున్నారా?' అని వాకబు చేస్తూనే ఉంటుంది. మీరు ఒప్పుకోగానే సర్వర్ టీవీకి 'టోకెన్' ఇస్తుంది. గుడి దగ్గర చెప్పుల స్టాండులో ఇచ్చే టోకెన్ లాంటిదే ఇదీ. ఎవరు చూపిస్తే వారికే చెప్పులు! పాస్‌వర్డ్ మాత్రం టీవీకి తెలియదు. ఇంటర్నెట్ ప్రమాణాలు రూపొందించే ఐఈటీఎఫ్ 2019లో ఈ పద్ధతికి నియమావళి వెలువరించింది.

మోసగాళ్ల కన్ను దీనిమీదా పడింది. కోడ్ వాళ్లే తెప్పించుకుని, మీటింగ్ ఆహ్వానమంటూ మీకు పంపుతారు. మీరు దాన్ని కొట్టేది అసలైన సైట్లోనే. టోకెన్ చేరేది మాత్రం వాళ్లకు! ఇలాంటి దాడుల గురించి మైక్రోసాఫ్ట్ 2025 ఫిబ్రవరిలో హెచ్చరించింది.

అందుకే మీ ఎదురుగా ఉన్న తెరమీద, మీరు కోరగా వచ్చిన కోడ్‌నే కొట్టండి. ఎవరో పంపినది వద్దు. పాత టీవీ అమ్మేసినా, హోటల్ గది టీవీలో ఖాతా తెరిచినా సెట్టింగ్స్‌లోని పరికరాల జాబితా నుంచి దాన్ని తీసేయండి. పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన పాత టోకెన్లన్నీ రద్దవుతాయన్న హామీ లేదు.