టైరు మీది అంకె చదవకుండా లద్దాఖ్ బయల్దేరొద్దు

మనాలి-లేహ్ దారి తెరుచుకునే రోజులు వచ్చాయంటే హైదరాబాద్, విజయవాడ, విశాఖల నుంచి ఫోర్ వీల్ డ్రైవ్ బళ్లు వరసకట్టి ఉత్తరానికి బయల్దేరతాయి. పైన టెంటు, వెనక డీజిల్ డబ్బాలు, లోపల ఐదుగురు మనుషులు, మూడు వారాలకు సరిపడా సామాను. చాలామంది ఈ ప్రయాణం కోసమే కొత్త టైర్లు వేయిస్తారు. లోతైన గాడులు, దట్టమైన ట్రెడ్, పక్కన తెల్లటి అక్షరాలతో చూడ్డానికి గట్టిగా కనిపించే టైర్లవి. అవి ఎంత బరువు మోస్తాయో కొనేముందు చూసుకున్నారా? చూసుకోకపోతే, దయచేసి, చూసుకునేదాకా బండి తీయకండి.

ప్రమాదమంతా లద్దాఖ్ రాళ్లలోనే ఉందని మనవాళ్ల నమ్మకం. అక్కడ గంటకు ఇరవై, ముప్పై కిలోమీటర్ల వేగంతో పోతాం. టైరు చీలినా దిగి స్టెప్నీ మార్చుకుంటాం, మహా అయితే సగం రోజు పోతుంది. ప్రాణాలు పోయేది అంతకంటే చాలా ముందు, ఆదిలాబాద్ దాటి నాగ్‌పూర్ వైపు సాగే 44వ నంబరు జాతీయ రహదారి మీద. మే, జూన్ నెలల్లో విదర్భలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది, రోడ్డు అంతకన్నా కాగుతుంది. కొండలకు త్వరగా చేరాలన్న ఆత్రంతో నిండా బరువున్న బండిని గంటకు 110, 120 మీద తోలుతాం. ఆ వేగంలో వెనక టైరు పేలితే, నెత్తిన టెంటు మోస్తున్న ఎత్తయిన బండి పల్టీ కొట్టడానికి రెప్పపాటు చాలు.

టైరు ఎందుకు పేలుతుందో తెలిస్తే జాగ్రత్త దానంతటదే వస్తుంది. బరువు పడినచోట టైరు పక్కభాగం నొక్కుకుంటుంది, చక్రం తిరగ్గానే మళ్లీ లేస్తుంది. ఇనుప తీగను అటూ ఇటూ వంచుతుంటే వేడెక్కినట్టే రబ్బరూ లోలోపల వేడెక్కుతుంది. పెద్ద ఎస్‌యూవీ టైరు వంద కిలోమీటర్ల వేగంలో సెకనుకు పదకొండు సార్లు తిరుగుతుంది. అంటే ప్రతి సెకనూ పదకొండు సార్లు వంగి లేస్తుంది. బరువు పెరిగినా, గాలి తగ్గినా ఆ వంపు పెరుగుతుంది, వేడి పెరుగుతుంది. చివరికి లోపలి ఉక్కు పొరకూ రబ్బరుకూ మధ్య అతుకు వదిలి, ట్రెడ్ మొత్తం ఊడి వస్తుంది. పైకి లోతైన గాడులు ఉన్నంత మాత్రాన ఇది ఆగదు. మందమైన ట్రెడ్ వేడిని ఇంకా ఎక్కువగా పట్టి ఉంచుతుంది.

అమెరికా ఈ పాఠాన్ని చాలా ఖరీదు పెట్టి నేర్చుకుంది. ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బళ్లకు వేసిన ఫైర్‌స్టోన్ టైర్ల ట్రెడ్లు దారిలో ఊడిపోయి బళ్లు బోల్తా పడుతుండటంతో 2000 ఆగస్టులో ఆ కంపెనీ 65 లక్షల టైర్లను వెనక్కి పిలిపించింది. ఆ టైర్ల ప్రమాదాల్లో 271 మంది చనిపోయినట్టు అక్కడి రహదారి భద్రతా సంస్థ నమోదు చేసింది. తయారీలో లోపాలు బయటపడ్డాయి. దానితోపాటు, ఫోర్డ్ సూచించిన 26 పీఎస్ఐ గాలి తక్కువన్న వాదన గట్టిగా నడిచింది. తక్కువ గాలి, ఎక్కువ బరువు, వేసవి ఎండ, హైవే వేగం. మన లద్దాఖ్ బండి సరిగ్గా ఈ నాలుగింటినీ వెంటేసుకుని బయల్దేరుతోంది.

ఇక అంకె సంగతి. టైరు పక్కన 265/65 ఆర్ 17 అని కొలత ఉంటుంది. దాని వెంటనే 112టీ లాంటి గుర్తు ఉంటుంది. మనం కొలత చూసి ఆగిపోతాం, చూడాల్సింది ఆ తర్వాతి అంకె. 112 అంటే ఒక్కో టైరు 1,120 కిలోలు మోస్తుందని అర్థం. 110 అయితే 1,060, 116 అయితే 1,250, 120 అయితే 1,400. అక్షరం వేగపు హద్దు: క్యూ అంటే 160, టీ అంటే 190 కిలోమీటర్లు. ఒకే కొలతలో 112, 116, 120 అంకెలున్న టైర్లు మూడూ దొరుకుతాయి. షాపతను 'అదే సైజు సార్' అంటాడు. సైజు అదే, మోసే శక్తి వేరు.

ఒక మామూలు లెక్క చూడండి. బండి సొంత బరువు 2,100 కిలోలు అనుకుందాం. ఐదుగురు మనుషులు 350, టెంటు, క్యారియర్ 90, రెండు డబ్బాల డీజిల్ 35, నీళ్లు 40, ఫ్రిజ్, వంట సామాను, పనిముట్లు 85, సంచులు 100. మొత్తం 2,800. సామాను వెనకే ఉంటుంది కాబట్టి అరవై శాతం వెనక ఇరుసు మీద పడిందనుకుంటే ఒక్కో వెనక టైరుకు 840 కిలోలు. 110 అంకె ఉన్న టైరు 1,060 మోస్తుంది కదా, భయమేముందంటారేమో. ఆ 1,060 మాట 36 పీఎస్ఐ గాలి ఉన్నప్పటిది. సాఫీగా పోతుందని 28 దగ్గర ఉంచితే దాని శక్తి దాదాపు 865 కిలోలకు పడిపోతుంది. మిగిలింది పాతిక కిలోలు. ఒక మలుపులో బండి పక్కకు ఒరిగితే, ఒక గుంతలో దిగితే అదీ ఉండదు.

అందుకే చాలామంది ఎల్‌టీ (లైట్ ట్రక్) అని రాసి ఉండే పదిప్లై టైర్లకు మారుతున్నారు. బరువు నిజంగా ఎక్కువుంటే అది మంచి ఆలోచనే. కానీ ఇక్కడే పెద్ద ఉచ్చు ఉంది. ఆ టైరు మీద రాసిన 1,400 కిలోలు 80 పీఎస్ఐ దగ్గరే. పాత టైర్లకు పెట్టినట్టు 32 పెట్టి తోలితే అది బండితో వచ్చిన కంపెనీ టైరు కన్నా కూడా తక్కువ మోస్తుంది. పదిప్లై వేయించి పాత గాలితో నడిపేవాళ్లు డబ్బు పోసి ప్రమాదాన్ని కొనుక్కుంటున్నారు. మీ బరువుకు ఎంత గాలి కావాలో ఆ టైరు కంపెనీ పట్టికలోనే చూడాలి. మరో మాట, ఎంత బలమైన టైరు వేసినా బండి హద్దు పెరగదు. కంపెనీ ప్లేటు మీద రాసిన మొత్తం బరువు దాటితే స్ప్రింగులు, బ్రేకులు, ఇరుసులు లొంగిపోతాయి.

బురద కోసం చేసిన ఎం/టీ టైర్లు ఈ ప్రయాణానికి అక్కర్లేదు. మన దారిలో ఎక్కువ భాగం తారు, సిమెంటు రోడ్లే, తడి తారు మీద అవి ఆగడానికి ఎక్కువ దూరం తీసుకుంటాయి. అన్ని రకాల దారులకూ చేసిన ఏ/టీ టైరు, తగిన అంకెతో ఉంటే చాలు.

బయల్దేరే ముందురోజు బండిని నిండా సర్ది, మనుషులంతా ఎక్కి, దగ్గర్లోని రైసు మిల్లు కాటాకో జిన్నింగ్ మిల్లు వేబ్రిడ్జికో తీసుకెళ్లండి. ముందు చక్రాలు ఒకసారి, వెనక చక్రాలు ఒకసారి విడివిడిగా తూయించండి. ఇంత తక్కువ ఖర్చుతో ప్రాణాలు కాపాడే పని మరొకటి నాకు తెలియదు. తూకం ఎక్కువ వస్తే ముందు టైరు గురించి ఆలోచించకండి, సామాను దింపండి. మనాలి-లేహ్ దారిలో టాండీ దాటితే లేహ్ వైపు 365 కిలోమీటర్లు బంకు లేదన్న పాత బోర్డు తలుచుకుని హైదరాబాద్ నుంచే డబ్బాలు నింపుకుపోతారు. ఆ డీజిల్ టాండీలోనే నింపుకోవచ్చు.

గాలి ఉదయం, టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు మీద నిండు బరువుకు వేరే అంకె ఉంటుంది, కంపెనీ టైర్లకు దాన్నే పాటించండి. మధ్యాహ్నం మీటరు నాలుగైదు పెరిగిందని దాబా దగ్గర గాలి తీయించకండి. వేడికి పెరిగిన గాలి అది, తీస్తే టైరు ఇంకా వేడెక్కుతుంది. లద్దాఖ్‌లో మోరే మైదానంలోనో జన్‌స్కార్ బాటలోనో గాలి తగ్గించినవాళ్లు మంచి రోడ్డెక్కేముందు మళ్లీ నింపాలి. కంప్రెసర్ లేకుండా గాలి తగ్గించే హక్కు మనకు లేదు. నిండు బరువుతో గంటకు 90 దాటొద్దు.

టైరు పక్కన డాట్ గుర్తు చివర నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం చెబుతాయి. 2319 అంటే 2019లో 23వ వారం. స్టెప్నీ మీద కూడా ఇది చూడండి. ఏళ్ల తరబడి బండి కింద వేలాడిన స్టెప్నీ ట్రెడ్ కొత్తగానే ఉంటుంది, రబ్బరు మాత్రం ఎండి పగుళ్లిచ్చి ఉంటుంది. అది మిగతా నాలుగింటి సైజులో, అదే అంకెతో ఉండాలి.

ఇన్ని చేసినా టైరు పేలితే బ్రేకు తొక్కకండి. స్టీరింగ్ రెండు చేతులతో తిన్నగా పట్టుకుని, యాక్సిలరేటర్ మెల్లగా వదిలి, బండిని దానంతటదే నెమ్మదించనివ్వండి. తోలేవాళ్లందరూ దీన్ని ముందే మనసులో పెట్టుకోవాలి, ఆ క్షణంలో ఆలోచించే సమయం ఉండదు.

టైర్ల షాపులకు ఒక డిమాండు: బిల్లు మీద కొలతతో పాటు బరువు అంకె, తయారీ వారం రాసివ్వండి. బండికి కంపెనీ ఇచ్చిన దానికన్నా తక్కువ అంకె టైరును ఎవరు అడిగినా అమ్మకండి. బళ్లను గుంపుగా లద్దాఖ్ తీసుకెళ్లే నిర్వాహకులు బయల్దేరే ఉదయం ప్రతి బండి కాటా చీటీ, ఐదు టైర్ల అంకెలు పక్కపక్కన పెట్టి చూడాలి. లెక్క కుదరని బండిని ఎంత బతిమాలినా వరసలో కలుపుకోవద్దు.