గుడ్డులో పెట్టిన చుక్కలు

కోడి పిల్లల్ని చేసిన రోజున ఇంట్లో చంటివాళ్లంతా గంప చుట్టూ చేరతారు. గుడ్డులోంచి తడిసి ముద్దయి వచ్చిన పిల్ల కొన్ని గంటల్లో ఆరి పచ్చని దూదిపింజలా తయారవుతుంది. ఈ నూగు లోపల ఎప్పుడు మొలిచిందా అని నాకు చాలాకాలం సందేహంగా ఉండేది.

పొదుగు 21 రోజులు గదా! మొదటి ఆరు రోజులూ దాని ఒళ్లు నున్నగానే ఉంటుంది. ఏడో రోజు ప్రాంతాన వీపుమీద, వెన్ను వెంబడి, ఒక వరుస చుక్కలు లేస్తాయి. తర్వాత ఆ పక్కా ఈ పక్కా మరో వరుస, ఆపైన ఇంకొకటి. రెండు చుక్కల నడుమ ఖాళీకి ఎదురుగా పక్క వరుస చుక్క పడుతుంది. అచ్చం మన ఆడవాళ్లు ముగ్గుకి పెట్టే సందు చుక్కలే! ఒక్కొక్క చుక్కా మొగ్గయి, పొడుగు సాగి, సన్నని ఒరలో చుట్టుకున్న ఈక అవుతుంది. పిల్ల ఆరినప్పుడు ఆ ఒర పొట్టుగా రాలిపోతుంది, నూగు విచ్చుకుంటుంది.

చుక్కలు పెట్టేది ఎవరు? చర్మానికి పైపొర, లోపొర అని రెండున్నాయి. 1954లో కెయిర్న్స్, సాండర్స్ అనే శాస్త్రజ్ఞులు కోడిపిండంలో తొడ లోపొరను తీసి రెక్క పైపొర కింద పెట్టారు. రెక్కమీద తొడ ఈకలు మొలిచాయి! అంటే హుకుం లోపొరది. తర్వాత 1970ల్లో ఫ్రాన్సులో దువాయి అనే ఆమె ఇంకా చిత్రం చేసింది. కోడి లోపొరమీద చిట్టెలుక పైపొర కప్పింది. కోడి హుకుం ఎలుకకి అర్థమైంది, కాని ఎలుక తనకి చేతనైన వెంట్రుక మొలకే వేసింది.

అర్థం కావడానికి కారణం, ఆ కబుర్లు మోసే పదార్థాలు కోడికీ ఎలుకకీ ఒకటే కావడం. మనకీ అవే. వాటిలో ఎక్టోడిస్‌ప్లాసిన్ అనే మాంసకృత్తు ఒకటి. కోడి వీపుమీద దాని జాడ నడుమనుంచి పక్కలకు అలలా సాగుతుందనీ, చుక్కలు ఆ వెనకే పడతాయనీ 2019లో తేల్చారు. ఎగరలేని నిప్పుకోడికి ఆ అల లేదు, ఈకలకు ఆ పొందికా లేదు.

తల్లి కడుపులో మన జుట్టుకీ, పళ్లకీ, చెమట గ్రంథులకీ చోటు చూపేది కూడా ఈ మాంసకృత్తే. అది లోపించిన పిల్లలకి జుట్టు పలచన, పళ్లు నాలుగైదు, చెమట దాదాపు పట్టదు. సింధు దేశంలో ఒక హిందూ కుటుంబంలో 4 తరాల్లో 10 మంది మగవాళ్లు ఇలా ఉన్నారనీ, వేసవిలో చర్మం ఎండిపోయి బాధపడేవారనీ డార్విన్ రాశాడు. ఆడపిల్లలకి ఆ లోపం కనబడదట గాని, వారి కొడుకులకి వచ్చేదట.

పుట్టాక ఆ గ్రంథుల్ని మొలిపించడం కుదరదు. అందుకని జర్మనీలో వైద్యులు తల్లి గర్భంలోని ఉమ్మనీటిలోకే ఆ మాంసకృత్తును ఎక్కించారు. పుట్టిన కవలలకి చెమట పట్టింది! 2018లో ఆ సంగతి ప్రకటించారు. అప్పటికి ఈ చికిత్స జరిగింది ముగ్గురు పిల్లలకే.

మన ఎండలకి చెమట పట్టని బిడ్డ ఒళ్లు కాలిపోతుంటే మామూలు జ్వరమే అనుకుంటాం. పళ్లు రావడం ఆలస్యమై, జుట్టు పలచగా ఉండి, ఎండలో ఒళ్లు పొడిగా కాలుతుంటే, ఆ మూడు సంగతులూ కలిపి డాక్టరుగారికి చెప్పండి. ఈలోగా బిడ్డకి తడిబట్ట తొడిగి నీడన కూర్చోబెట్టండి.