మానిన పుండు, మానని రోగం
సుఖవ్యాధుల విషయంలో రోగం కంటె సిగ్గే ఎక్కువ చేటు చేయునని నా అభిప్రాయం. పురుషాంగంపై నొప్పిలేని పుండు సవాయికి తొలి గుర్తు. మందు వాడకున్నను అది 3 నుండి 6 వారాలలో మానిపోవును. కీర్తి మాత్రం అప్పుడు వాడిన మూలికకు దక్కును! రోగమో, శరీరంలో దాగి, ఏండ్ల తరువాత గుండెను, మెదడును దెబ్బతీయవచ్చును.

16వ శతాబ్దిలో భావమిశ్రుడు దీనినే ఫిరంగ రోగమని వర్ణించినాడు. నేడు తొలిదశలో వైద్యుడిచ్చు ఒక్క మోతాదు బెంజథిన్ పెన్సిలిన్ సాధారణంగా చాలును. మూత్రంలో మంట, చీము ఉన్నచో సెగరోగం కావచ్చును. దాని మందు వేరు.

గృహవైద్యాన్ని గౌరవించు నేనే చెప్పుచున్నాను: ఇచ్చట కషాయాలతో కాలయాపన తగదు. ప్రభుత్వ ఆసుపత్రులలోని సురక్ష క్లినిక్‌లలో చికిత్స ఉచితం. భార్యకును పరీక్ష చేయించండి. నిరోధ్ వాడకం మరువకండి.