ఎర్ర పెన్ను పక్కన పెడదాం

మా అపార్ట్‌మెంటులో లిఫ్టు పక్కన ఓ నోటీసు బోర్డు ఉంది. ట్యాంకు కడిగే రోజు, మెయింటెనెన్సు కట్టాల్సిన గడువు, ఎవరో పారేసుకున్న తాళంచెవులు... ఏ కబురైనా అక్కడే. ఆ కాగితాలు రాసి అంటించేది రెండో అంతస్తులో ఉండే ఒకావిడ. అసోసియేషన్ లెక్కలన్నీ ఆవిడే చూస్తారు. మూడేళ్లలో ఒక్క రూపాయి తేడా రాలేదు.

ఆ మధ్య ఓ రోజు మధ్యాహ్నం దాకా నీళ్లు రావని, కాస్త ఓర్చుకోమని ఇంగ్లీషులో రాసి పెట్టారు. చివర్లో 'బేర్ విత్ అజ్' అన్న చోట చిన్న పొరపాటు దొర్లింది. బి, ఇ, ఎ, ఆర్ అని ఉండాల్సిన మాట బి, ఎ, ఆర్, ఇ అయింది. పలకడం రెండూ ఒకటే. కానీ మొదటిదానికి ఓర్చుకోవడమని అర్థం, రెండోదానికి ఒంటిమీద బట్టల్లేకపోవడమని. సాయంత్రానికల్లా ఆ మాట చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఉంది. పక్కన రెండు ఆశ్చర్యార్థకాలు కూడా.

రాత్రి అన్నాల దగ్గర మా అబ్బాయి ఆ ఘనకార్యం తనదేనని చెప్పాడు. వాడు పదో తరగతి. నాకూ నవ్వొచ్చింది. నవ్వేశాను.

తర్వాతి నోటీసు ఆవిడ నేరుగా అంటించలేదు. కాగితం పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చారు. "ఏమీ అనుకోకుండా ఒక్కసారి చూసిపెట్టండి. మళ్లీ నలుగురూ నవ్వితే బాగోదు" అన్నారు. లెక్కల పుస్తకం ముందు తలెత్తుకుని కూర్చునే మనిషి, నాలుగు లైన్ల ఇంగ్లీషు కోసం తలొంచుకుని నిలబడ్డారు. నా నవ్వు నాకే గుచ్చుకుంది.

ఇంగ్లీషు తప్పులు చూస్తే చిరాకు నాకూ ఉంది, దాచుకోను. 'డిడ్ యూ వెంట్' అంటే చెవులు మూసుకోవాలనిపిస్తుంది. 'వన్ ఆఫ్ మై ఫ్రెండ్' అని ఆ చివరి 'ఎస్' మింగేసినా, 'ఫర్నిచర్స్' అని అక్కర్లేని 'ఎస్' తగిలించినా అంతే. పుస్తకాల కొట్టు బోర్డు మీద 'స్టేషనరీ' చివర ఇ, ఆర్, వై ఉండాలి. ఎ, ఆర్, వై అని రాస్తే కదలకుండా నిలబడి ఉన్నదని అర్థం. 'లూజ్' సంగతి మరీను. ఒక్క 'ఓ'తో రాస్తే పోగొట్టుకోవడం, రెండు 'ఓ'లతో రాస్తే వదులు. ఇలా వేలు పెట్టి చూపించే నేను 'డిస్కస్ అబౌట్' అని ఇరవై ఏళ్లు వాడాను. అక్కడ 'అబౌట్' అక్కర్లేదని ఓ రోజు మా అబ్బాయి పుస్తకంలో చదివి తెలుసుకున్నాను.

ఆలోచిస్తే ఇవి తెలివితక్కువ వల్ల వచ్చే తప్పులు కావు. దేని 'గురించి' మాట్లాడుకున్నామో చెప్పందే మనకి తోచదు, అందుకే ఆ 'అబౌట్'. ఫ్యాను 'వెయ్యి' అంటాం కాబట్టి 'పుట్ ది ఫ్యాన్' అవుతుంది. 'ఊరికే కూర్చున్నా' అన్నది 'సింప్లీ సిట్టింగ్' అవుతుంది. మన 'కదా' ప్రతి వాక్యం చివరా 'ఇజంట్ ఇట్'గా కూర్చుంటుంది. 'ఎ', 'ది' లాంటి మాటలు మన భాషలో లేనే లేవు, ఎక్కడ పెట్టాలో తడుముకోక ఏం చేస్తాం? తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో చెబుతున్నామంటే రెండు భాషలు మోస్తున్నామనే కదా! కలాంగారు మన దేశానికి ఎన్నో రాష్ట్రపతి? ఈ ప్రశ్నని ఇంగ్లీషులో అడిగి చూడండి. మన 'ఎన్నో' అన్న చిన్న మాటకి అక్కడ జోడు దొరకదు.

పైగా ఆ భాష స్పెల్లింగు మాత్రం ఏమంత తిన్ననిది? అప్పు అనే అర్థమున్న 'డెట్'లో పలకని 'బి' మొదట్నుంచీ లేదు. లాటిన్ మాటతో చుట్టరికం కనబడాలని పండితులు తర్వాత ఇరికించారు. 1755లో లండన్‌లో శామ్యూల్ జాన్సన్ వేసిన నిఘంటువు అక్కడి స్పెల్లింగులకి ఓ దారి చూపింది. 1828లో అమెరికాలో నోవా వెబ్‌స్టర్ తన నిఘంటువులో 'కలర్'లోంచి 'యు' తీసేశారు. అమెరికాలో చదివే మనవడు 'యు' లేకుండా రాస్తే అమ్మమ్మలు దిద్దనక్కర్లేదన్నమాట. 1950లో కన్నుమూసిన బెర్నార్డ్ షా ఇంగ్లీషుకి కొత్త లిపి చేయించమని వీలునామాలో డబ్బే కేటాయించారు. అంతటి రచయితకే ఆ లిపితో అంత విసుగు!

ఇంకో మాట. మన పిల్లలు తెలుగులో ణకి న రాసినా, ళకి ల రాసినా, వత్తులు ఎగరగొట్టినా మనకి ముద్దే. 'మా వాడికి తెలుగు రాదండీ' అని కాస్త గర్వంగానే చెప్పుకుంటాం. అదే ఇంగ్లీషులో ఓ అక్షరం అటూ ఇటూ అయితే తల తీసేసినట్టు. తప్పు తప్పే అయినప్పుడు సిగ్గు మాత్రం ఒక భాషకే ఎందుకు?

అలాగని స్పెల్లింగు ఎలా ఉన్నా పరవాలేదనను. కొన్నిచోట్ల ఒక్క అక్షరం కొంప ముంచుతుంది. మా నాన్నగారు పోయాక అమ్మ ఫ్యామిలీ పెన్షన్ ఎనిమిది నెలలు ఆగింది. కారణం ఏమిటనుకున్నారు? పాత కాగితాల్లో 'లక్ష్మి'ని కె, ఎస్, హెచ్‌లతో రాశారు, ఆధార్‌లో 'ఎక్స్'తో ఉంది. ఆ లక్ష్మీ ఈ లక్ష్మీ ఒకరేనని రుజువు చేసుకోవడానికి అమ్మ డెబ్బై ఏళ్ల వయసులో నోటరీ దగ్గరికీ ఆఫీసుకీ తిరిగింది. అక్కడ ఎవరూ నవ్వలేదు, ఎవరూ తొందరపడనూ లేదు. ఎర్ర పెన్ను కావలసింది ఇలాంటిచోట. పిల్లల పదో తరగతి మెమో, ఆధార్, బ్యాంకు పుస్తకం, పాస్‌పోర్టు పక్కపక్కన పెట్టి పేరూ ఇంటిపేరూ అక్షరం అక్షరం సరిచూడండి. తేడా ఉంటే అవసరం పడకముందే దిద్దించండి.

దొంగ మెసేజీల సంగతీ అంతే. ఒకప్పుడు తప్పులతడక ఇంగ్లీషు చూసి మోసమని పసిగట్టేవాళ్లం. ఇప్పుడు దొంగలు కూడా కంప్యూటరు చేత తప్పుల్లేకుండా రాయిస్తున్నారు. భాష బాగుంది కదా అని నమ్మి ఓటీపీ చెప్పేయకండి.

మా అబ్బాయిని రెండో అంతస్తుకి పంపించాను. నేనూ వెంట వెళ్లాను, ఎందుకంటే నవ్వింది వాడొక్కడే కాదు. వాడు "సారీ ఆంటీ" అన్నాడు. ఆవిడ వాడి తల నిమిరి, "తప్పు చూపించావు, మంచిదే నాన్నా. తలుపు కొట్టి చెప్పుంటే కాఫీ ఇచ్చేదాన్ని" అన్నారు. నాకు మాత్రం ఏం మాట్లాడాలో తోచలేదు.

ఆ మాటే మీకూ చెబుతున్నాను. దిద్దాలనిపిస్తే తలుపు కొట్టి దిద్దుదాం, గోడ మీద కాదు. మనల్ని ఎవరైనా దిద్దితే చిన్నబుచ్చుకోకుండా నేర్చుకుందాం. తప్పొస్తుందేమోనని మాత్రం మానేయొద్దు. ఇప్పుడు ఆవిడ నోటీసులు మళ్లీ నేరుగా బోర్డు మీదికే వస్తున్నాయి, పైన తెలుగు, కింద ఇంగ్లీషు. మొన్నటిదాంట్లో ఇంగ్లీషు తప్పు ఒకటి ఉంది. తెలుగులో మాత్రం ఒక్కటీ లేదు.