క్లచ్చులోని గాలి

చీనీ, అరటి కోతకు వచ్చిన దినములలో లింగాల రైతునకు బండి యాగిన కాయయు నాగదు, ధరయు నాగదు. కావున బండి మరమ్మతును గూర్చి యీ పత్రికలో రెండు మాటలు వ్రాయుట అప్రస్తుతము కాదని తలంచుచున్నాము.

నేడు పెక్కు కార్లకును సరకుబండ్లకును క్లచ్చు తీగతో గాక బ్రేకు ఆయిలుతో పనిచేయును. పెడలు త్రొక్కగా మాస్టరు సిలిండరులోని ఆయిలు గొట్టము వెంట పోయి, గేరుపెట్టె కడనున్న స్లేవు సిలిండరును నెట్టును. ఆయిలు అణగదు, గాలి యణగును. నడుమ గాలిబుడగ చేరినచో కాలిబలమంతయు దానిని నొక్కుటకే చెల్లును. పెడలు మెత్తనై దిగిపోవును, గేరు కరకరలాడును, పలుమారు త్రొక్కిన కొంత పట్టు దొరకును. ఫుట్‌వాల్వు కారి గాలి చేరిన పంపు నీరెత్తకుండుట నెఱిగిన రైతునకు ఇది క్రొత్త సంగతి కాదు.

మేమొక వేసవిలో ఈ గుర్తు నెఱుగక, ప్లేటు అరిగినదన్న మాట నమ్మి క్రొత్తది వేయించితిమి. పెడలు మునుపటివలెనే దిగెను. తుదకు చిన్న రబ్బరు సీలు మార్చి గాలి తీయగా బాగుపడెను.

గాలి తీయుటకు ఇద్దరు చాలుదురు. డబ్బాను ఆయిలుతో నింపి, స్లేవు సిలిండరు నిప్పిలుకు తెల్లగొట్టము తొడిగి, దాని కొనను ఆయిలు పోసిన సీసాలో ముంచవలెను. ఒకరు పెడలు మెల్లగా త్రొక్కి పట్టియుండగా రెండవవారు నిప్పిలు వదులు చేయవలెను. బిగించిన పిమ్మటనే పెడలు విడువవలెను. బుడగలు నిలుచువఱకు ఇట్లే చేయుచు, డబ్బా వట్టిపోకుండ ఆయిలు పోయుచుండవలెను. మూతపై వ్రాసిన డాట్ రకమునే వాడుడు. ఇంజను ఆయిలు పోసిన సీళ్లు ఉబ్బి చెడును. మూత తీసియుంచిన ఆయిలు గాలిలోని తేమను పీల్చును గనుక పాత డబ్బా పనికిరాదు.

అయితే మా ముఖ్యాభిప్రాయము వేఱు. గాలి తనంతట పుట్టదు. ఆయిలు తగ్గినచోటను, కారిన దారినిబట్టియు చేరును. ఆ దారి మూయక వారమువారము గాలి తీయుట, గండి పూడ్చక మడికి నీరు కట్టుటవంటిది. పెక్కు బండ్లలో క్లచ్చునకును బ్రేకునకును ఆయిలుడబ్బా యొక్కటియే. క్లచ్చును ఉపేక్షించిన, ప్రాణము నిలుపు బ్రేకును ఉపేక్షించినట్లే.

కావున మన సంఘము కోతలకు ముందు ఒక దినము బండ్లన్నిటిని చేర్చి, ఈ పనిని చేసి చూపించవలెనని మా మనవి. ఒక తెల్లగొట్టము, ఒక పానా, మూత విప్పని ఆయిలు డబ్బా: ఇంతకన్న ఖర్చు లేదు.