దుఃఖానికి పూచీకత్తు ఎందుకు?

2025 ఏప్రిల్ 22న కాశ్మీరులోని పహల్గామ్ సమీపాన, బైసరన్ పచ్చిక మైదానంలో ఉగ్రవాదులు 26 మందిని కాల్చి చంపారు. మతం అడిగి మరీ చంపారని ప్రాణాలతో బయటపడినవారు చెప్పారు. మృతుల్లో విశాఖపట్నం వాసి ఒకరు, నెల్లూరు జిల్లా కావలికి చెందినవారు ఒకరు ఉన్నారు. పర్యాటకులను కాపాడబోయి ప్రాణం పోగొట్టుకున్న స్థానిక ముస్లిం యువకుడూ ఉన్నాడు. యాత్రికులను గుర్రాల మీద తిప్పి పొట్టపోసుకునేవాడతడు. ఆ ఘాతుకాన్ని ఖండించడానికి మాకు ఎవరి ప్రేరణా అక్కరలేదు, ఎవరి అనుమతీ అక్కరలేదు. ఆ మాట చెప్పి ముందుకు సాగుతున్నాం. దానిని మా చేత, మా పిల్లల చేత పదే పదే చెప్పించుకోవాలని చూసేవారి గురించే ఈ వ్యాసం.

ఆ వారంలో దేశమంతటా కళాశాలల్లో సంతాప సభలు జరిగాయి. జరగవలసిందే. తెలంగాణలోని ఒక జిల్లా కేంద్రంలో, ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాలలోనూ జరిగింది. మైదానంలో విద్యార్థులందరినీ వరుసల్లో నిలబెట్టారు. రెండు నిమిషాల మౌనం ముగిసిన తర్వాత ఒక అధ్యాపకుడు మూడో వరుసలో ఉన్న రెండో సంవత్సరం అమ్మాయిని ముందుకు పిలిచారు. తరగతిలో హిజాబ్ ధరించేది ఆ అమ్మాయి ఒక్కతే. "ముందు నువ్వు మాట్లాడమ్మా. మీవాళ్లు దీన్ని ఎలా చూస్తున్నారో అందరికీ తెలియాలి కదా" అన్నారాయన. ఆ అమ్మాయి రెండు వాక్యాలు మాట్లాడింది. చప్పట్లు కొట్టారు. సంతాప సభలో చప్పట్లు! ఇంటికి వెళ్లిన బిడ్డ నాలుగు రోజులపాటు కళాశాల ముఖం చూడలేదు.

ఆమె తండ్రి దర్జీ. ఈ సంగతి మాకు చెప్పింది ఆయనే. కోపంగా చెప్పలేదు, ఎవరి మీదా ఫిర్యాదు చేయమనలేదు. "తప్పేమీ లేదని అందరూ అన్నారు సాబ్. తప్పు లేనిదాన్ని అందరి ముందు నిలబెట్టడం దేనికి?" అని మాత్రం అడిగారు.

ఆ అధ్యాపకుడు దుర్మార్గుడని మేము అనుకోవడం లేదు. ఆ అమ్మాయికి మేలు చేస్తున్నాననే అనుకుని ఉంటారు; నలుగురి ముందూ మాట్లాడితే అనుమానాలు తొలగిపోతాయని భావించి ఉంటారు. చిక్కంతా అక్కడే ఉంది. అనుమానం అంటూ ఒకటి ఉన్నదని, దానిని తొలగించుకోవలసిన బాధ్యత పంతొమ్మిదేళ్ల ఆడపిల్లదని ఆయనకు ఏ ఆలోచనా లేకుండానే తోచింది. తక్కిన విద్యార్థులు దుఃఖించడానికి అక్కడ నిలబడ్డారు. ఆమె తన దుఃఖానికి పూచీకత్తు ఇవ్వడానికి నిలబడవలసి వచ్చింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు మీరెందుకు ఉలిక్కిపడతారని మనల్ని తరచూ అడుగుతుంటారు. గుమ్మడికాయ ఊసే ఎరుగని పిల్లను పిలిచి భుజాలు చూపించమన్నది ఎవరు?

ఇది చిన్న విషయమని కొందరనవచ్చు. దేశం ఏడుస్తున్నప్పుడు ఒక అమ్మాయి నొచ్చుకోవడం పెద్ద సంగతా అనవచ్చు. కానీ ఇదే ఆలోచన కాస్త ముదిరితే ఎక్కడికి పోతుందో మనం ముందే చూశాం. 2019 ఫిబ్రవరి 14న పుల్వామాలో 40 మంది సీఆర్పీఎఫ్ జవాన్లు ఆత్మాహుతి దాడిలో మరణించారు. ఆ తర్వాతి రోజుల్లో డెహ్రాడూన్‌లో కాశ్మీరీ విద్యార్థులు వసతి గృహాల గదుల్లో తలుపులు బిగించుకుని, బయట గుంపు కేకలు వింటూ గడిపారు. ఆ నగరంలోని రెండు కళాశాలల యాజమాన్యాలు ఆ గుంపు ఒత్తిడికి లొంగి, వచ్చే విద్యా సంవత్సరం నుంచి కాశ్మీరీలను చేర్చుకోబోమని కాగితం మీద రాసిచ్చాయి. కళాశాల ముద్ర వేసిన కాగితం మీద! ఆరేళ్ల తర్వాత, పహల్గామ్ దరిమిలా, అదే నగరంలో ఒక సంస్థ నాయకుడు కాశ్మీరీ ముస్లిం విద్యార్థులు గడువులోగా ఊరు విడిచి పోవాలని వీడియోలో హెచ్చరించాడు. పరీక్షలు వదిలేసి ఎందరో పిల్లలు ఇళ్ల దారి పట్టారు.

ఈ పిల్లలు ఆ నగరాలకు ఎలా వచ్చారో కూడా చెప్పుకోవాలి. జమ్మూ కాశ్మీరు విద్యార్థులు దేశంలోని ఇతర ప్రాంతాల్లో చదువుకోవాలని, తక్కిన భారతంతో కలిసిమెలిసి ఉండాలని కేంద్ర ప్రభుత్వమే 2011లో ప్రధానమంత్రి ప్రత్యేక ఉపకారవేతన పథకాన్ని మొదలుపెట్టింది. ఏటా 5,000 మంది వరకు అవకాశం. అంటే వారిలో చాలామందిని ప్రభుత్వం చేయి పట్టుకుని తీసుకువచ్చింది. ఒక చేత్తో తెచ్చిన బిడ్డను ఇంకో చేత్తో గెంటేస్తుంటే ఆ కలిసిమెలిసి ఉండడం ఎక్కడ జరుగుతుంది?

నిజంగా నష్టపోయినవారు ఏం చేశారో చూడండి. 2019లో 40 మంది సహచరులను పోగొట్టుకున్న సీఆర్పీఎఫ్ దళమే, బయటి రాష్ట్రాల్లో చిక్కుకున్న కాశ్మీరీ విద్యార్థులు ఆపదలో ఫోన్ చేయాలంటూ తన 'మదద్‌గార్' సహాయ కేంద్రం నంబరును ప్రకటించింది. 2025లో పెళ్లయిన వారం తిరగకముందే భర్తను కోల్పోయిన నౌకాదళ అధికారి భార్య, ముస్లింల మీదా కాశ్మీరీల మీదా పగబట్టవద్దని, తమకు కావలసింది శాంతి, న్యాయం అని కన్నీళ్ల మధ్య వేడుకున్నది. ఆ మాట అన్నందుకు ఆమెను సామాజిక మాధ్యమాల్లో నోటికి వచ్చినట్టు తిట్టారు. ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారు మన పెద్దలు. పుండు ఎవరిదో, పొడిచేది ఎవరో ఈ రెండు ఉదంతాలూ తేటతెల్లం చేస్తున్నాయి.

అండగా నిలవడం ఎలా ఉంటుందో చూపినవారూ ఉన్నారు. పుల్వామా తర్వాత పంజాబ్‌లో సిక్కులు గురుద్వారాల తలుపులు తెరిచారు. ఖల్సా ఎయిడ్ కార్యకర్తలు మొహాలీలో కాశ్మీరీ విద్యార్థులకు ఆశ్రయమిచ్చి, భోజనం పెట్టి, బస్సులు మాట్లాడి ఇళ్లకు సాగనంపారు. ఆ పిల్లలను వాళ్లు ఏ ప్రకటనా అడగలేదు. అన్నం తిన్నారా, ఇంటికి ఫోన్ చేశారా అని అడిగారు. చదువు చెప్పే సంస్థకు తట్టని ప్రశ్నలు వంట చేసి పెట్టేవారికి ఎలా తట్టాయో మరి.

ఆ ప్రశ్నలు మన తెలుగువారికి తెలియనివి కావు. 2023 మే నెలలో మణిపూర్ మంటల్లో చిక్కుకున్నప్పుడు అక్కడ చదువుకుంటున్న తెలుగు విద్యార్థుల కోసం ఇటు తెలంగాణ, అటు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు ప్రత్యేక విమానాలు ఏర్పాటు చేశాయి. విమానాశ్రయంలో పిల్లలను హత్తుకుని ఏడ్చిన తల్లులను మనమంతా టీవీల్లో చూశాం. ఇంటికి దూరాన, తనది కాని గొడవ మధ్య ఇరుక్కున్న బిడ్డ కోసం పడే ఆ వేదన బారాముల్లాలోని తల్లికీ ఉంటుంది. హైదరాబాదులోని మన విశ్వవిద్యాలయాల్లోనూ కాశ్మీరీ పిల్లలు చదువుతున్నారు. ఏప్రిల్ చివరి వారంలో వారి ఇళ్ల నుంచి రోజుకు ఎన్ని ఫోన్లు వచ్చాయో ఆ పిల్లలను అడిగితే చెబుతారు.

మేము దయ అడగడం లేదు. చట్టం ఉంది. 2019 ఫిబ్రవరి 22న సుప్రీంకోర్టు, కాశ్మీరీల మీద దాడులు, బెదిరింపులు, సాంఘిక బహిష్కరణ జరగకుండా తక్షణం చర్యలు తీసుకోవాలని పలు రాష్ట్రాల ప్రధాన కార్యదర్శులను, పోలీసు డైరెక్టర్ జనరళ్లను ఆదేశించింది. మూకదాడుల నివారణకు నియమితులైన నోడల్ అధికారులే ఈ ఫిర్యాదులకూ బాధ్యులన్నది. ఇంకొక నిబంధన మన తల్లిదండ్రుల్లో నూటికి తొంభైమందికి తెలియదని మా అనుభవం. యూజీసీ ర్యాగింగ్ నిరోధక నిబంధనలను 2016లో సవరించింది. మతం, ప్రాంతం, భాష, పుట్టిన చోటు, నివసించే చోటు ఆధారంగా ఒక విద్యార్థిని శారీరకంగా గానీ మానసికంగా గానీ వేధించడం, వెలివేయడం కూడా ఆ సవరణ ప్రకారం ర్యాగింగే. అంటే తరగతి వాట్సాప్ గ్రూపులో "మీవాళ్ల పనే కదా" అని ఒకరిని పట్టుకుని వేధించడం సరదా కాదు, అభిప్రాయ ప్రకటన కాదు, ర్యాగింగ్. ప్రతి కళాశాలలో ర్యాగింగ్ నిరోధక కమిటీ ఉండాలి. జాతీయ సహాయ కేంద్రం నంబరు 1800-180-5522. ఈ నంబరును ఇంట్లో గోడ మీద రాసి పెట్టుకోమని పాఠకులను కోరుతున్నాం.

2025 జూలై 25న సుప్రీంకోర్టు మరొక తీర్పు ఇచ్చింది. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతూ మరణించిన 17 ఏళ్ల విద్యార్థిని కేసులో వచ్చిన తీర్పు అది. వందమంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత గల కౌన్సెలర్ గానీ మానసిక నిపుణుడు గానీ సామాజిక కార్యకర్త గానీ ఉండాలని ధర్మాసనం ఆదేశించింది. ఆప్తులను కోల్పోయినవారి పట్ల, మానసిక ఆఘాతానికి గురైనవారి పట్ల, అణగారిన వర్గాల పిల్లల పట్ల సిబ్బంది సున్నితంగా మెలగాలని చెప్పింది. ఒక బిడ్డను పోగొట్టుకున్న తండ్రి న్యాయస్థానాల చుట్టూ తిరిగితే వచ్చిన ఆదేశాలివి. యాజమాన్యాలు వీటిని తనిఖీ బృందం కోసం తగిలించుకునే పటంగా మార్చితే ఊరుకోవడానికి వీల్లేదు.

ఇంతకూ ఒక కళాశాల చేయవలసిందేమిటి? కోట్లు ఖర్చయ్యే పని ఒక్కటీ లేదు. దుర్వార్త తెలిసిన రోజునే ప్రిన్సిపాల్ పేరుతో ఒక ప్రకటన వెలువడాలి. మృతులకు సంతాపం తెలిపిన కాగితంలోనే, ఈ ప్రాంగణంలో ఏ విద్యార్థినీ అతని మతం వల్ల, ఊరి వల్ల నిలదీయడాన్ని సహించబోమని రాసి ఉండాలి. రెండూ ఒకే కాగితంలో ఉండాలంటున్నాం; రెండోది వారం తర్వాత గొడవ జరిగాక వస్తే అది పోలీసుల కోసం రాసినదవుతుంది. మృతుల కుటుంబాలకు చెందినవారు, వారి ఊరివారు, సైనికుల పిల్లలు తమ విద్యార్థుల్లో ఉన్నారేమో కనుక్కోవాలి. వారికి సెలవు, పరీక్షల వెసులుబాటు ఇవ్వాలి. వసతి గృహ సంరక్షకుడు రాత్రి ఒకసారి గదుల వెంట తిరిగి రావాలి. భయపడి ఊరికి వెళ్లిన పిల్లవాడి హాజరు కోత పెట్టకూడదు. సంతాప సభలో మాట్లాడదలచినవారు మాట్లాడతారు. పేరు పెట్టి ఎవరినీ పిలవకూడదు. అమ్మాయిల విషయంలో మరీ జాగ్రత్త అవసరం, ఎందుకంటే వారి గుర్తింపు తలమీదే కనబడుతుంది.

ఇక మన సంగతి. ఇతరులను నిలదీసే కలం మన ఇంటివైపు తిరగకపోతే దానికి విలువ లేదు. మైనారిటీ హోదాతో నడుస్తున్న కళాశాలలు మన చేతిలో ఎన్నో ఉన్నాయి. వాటిలో హిందూ, క్రైస్తవ, దళిత విద్యార్థులూ చదువుతున్నారు. పహల్గామ్ మరునాడు వాటిలో ఎన్నింటిలో విద్యార్థులను కూర్చోబెట్టి మనసు విప్పి మాట్లాడుకోనిచ్చాం? గేటు దగ్గర బ్యానరు కట్టి, ఫొటో తీసి, పత్రికలకు పంపి చేతులు దులుపుకున్నవారే మనలోనూ ఎక్కువ. ఏప్రిల్ 25 జుమా నమాజుకు హైదరాబాదులో ఎందరో నల్ల పట్టీలు ధరించి వెళ్లారు. అది మంచి పనే, అందులో నిజమైన ఆవేదన ఉంది. అయితే మనలో కొందరు ఆ పట్టీ కట్టుకున్నది దుఃఖంతోనా, మనమూ పూచీకత్తు రాసివ్వాలన్న తొందరతోనా? ఈ ప్రశ్న వేసుకోవడం కష్టం. మేమూ వేసుకున్నాం, జవాబు మాకు సుఖంగా లేదు. కాశ్మీరులో ఆ మరునాడే దుకాణాలు మూసి, మసీదుల మైకుల్లో ఖండన వినిపించి, దినపత్రికలు మొదటి పేజీలను నల్లగా అచ్చువేసినప్పుడు, అవి తమ ఇంటికి వచ్చిన అతిథుల చావు పట్ల ఆతిథేయుల సిగ్గు, శోకం. అక్కడ ఎవరూ ఎవరికీ రుజువు ఇవ్వలేదు.

ఇంకొకటి. పిల్లలకు మనం చెప్పే బుద్ధి ఏమిటి? "తల వంచుకుని వెళ్లు, తల వంచుకుని రా, నోరు మెదపకు." ప్రేమతోనే చెబుతాం. కానీ కళాశాలలో ఏం జరిగిందో ఇంట్లో కూడా చెప్పకపోవడాన్ని ఆ బిడ్డ మన దగ్గరే నేర్చుకుంటోంది. ఆ దర్జీకి కూతురి సంగతి తెలిసింది నాలుగో రోజున, అదీ ఆమె స్నేహితురాలి వల్ల. ఆ స్నేహితురాలు హిందువుల అమ్మాయి. రోజూ సాయంత్రం నోట్సు తెచ్చి ఇచ్చి, అయిదో రోజు పొద్దున తానే గుమ్మం దగ్గరికి వచ్చి వెంటబెట్టుకుని తీసుకువెళ్లింది. ఏ సర్క్యులరూ, ఏ కమిటీ చేయని పని ఆ పిల్ల చేసింది.

ఈ వ్యాసం రాసే ముందు మేము ఆ కళాశాల కార్యాలయానికి ఫోన్ చేశాం. మీ దగ్గర కౌన్సెలర్ ఉన్నారా, విద్యార్థికి ఇబ్బంది కలిగితే తండ్రి ఎవరికి ఫోన్ చేయాలి అని అడిగాం. కనుక్కుని చెబుతామన్నారు. రెండు వారాల తర్వాత మళ్లీ చేశాం. మొదటిసారి మాట్లాడినాయన సెలవులో ఉన్నారట.