పట్టాలకీ సాన పట్టాలి

మొన్న బక్రీదుకి ఊరికి పోతున్నాం. రాత్రి రెండింటికి ఏదో చిన్న స్టేషన్లో బండి ఆగింది. అరగంటయింది, ముప్పావుగంటయింది. బోగీలో ఒక్కొక్కరే లేచి కూర్చున్నారు. "ఇంకా ఎంతసేపయ్యా ఈ ఇంతజార్?" అని ఎదురు బెర్తు పెద్దాయన విసుక్కున్నారు. కిటికీలోంచి చూస్తే, పక్క లైను మీద పసుపు రంగు బండొకటి మెల్లగా పాకుతోంది. దాని కింద నిప్పురవ్వలు జల్లులా రాలుతున్నాయి. మా చిన్నది "అబ్బా, టపాసులు!" అని చప్పట్లు కొట్టింది.

"టపాసులు కావు బేటీ, పట్టాలకి సాన పడుతున్నారు" అన్నాను.

సాన అంటే దానికి బాగా తెలుసు. బక్రీదుకి వారం ముందు మా గల్లీలోకి సైకిలు మీద సాన పట్టే ఆయన వస్తాడు. అమ్మీ ఇంట్లో ఛురీలన్నీ మూటగట్టి ఇస్తుంది. ఆయన పెడల్ తొక్కుతుంటే రాయి గిర్రున తిరుగుతుంది, రవ్వలు లేస్తాయి. కత్తికి పదును కావాలి, సరే. మరి రైలు పట్టాకి పదునెందుకు? అదే అడిగింది నా కూతురు. పట్టాకి కావాల్సింది పదును కాదు, ఆయుష్షు.

రైలు చక్రమూ పట్టా రెండూ ఇనుమే. అవి ఒకదాన్నొకటి తాకే చోటు రూపాయి బిళ్లంత కూడా ఉండదు. నిండుగా బొగ్గు వేసుకున్న గూడ్సు బండిలో ఒక్కో చక్రం ఆ కొంచెం చోటు మీద పది టన్నులకు పైగా బరువు మోపుతుంది. రోజూ వేల చక్రాలు అలా తొక్కుతూ పోతుంటే పట్టా పైపొర అలసిపోతుంది. వెంట్రుక కంటే సన్నటి బీటలు పుడతాయి. మలుపుల్లో పట్టా లోపలి అంచు మీద ఇవి ఎక్కువ. మొదట పైపైనే ఏటవాలుగా సాగుతాయి. వాన నీరు దిగితే ఇంకా తొందరగా పెరుగుతాయి. వాటిలో ఏదో ఒకటి కిందికి తిరిగిందంటే ఇక పట్టా విరగడానికి సిద్ధమైనట్టే.

గ్రైండింగ్ మెషీన్ ఆ బీటల్ని పసితనంలోనే చెరిపేస్తుంది. మన దేశంలో 72 రాళ్ల మెషీన్లు, 96 రాళ్ల మెషీన్లు నడుస్తున్నాయి. ఒక్కో రాయిని ఒక్కో కోణంలో వంచి పెడతారు. అవన్నీ కలిసి పట్టా తలని చెక్కుకుంటూ పోతాయి. ఒక్కసారికి పోయేది మిల్లీమీటరులో చిన్న వంతు, అంతే. బీటలు పడ్డ పొర లేచిపోతుంది. పట్టా తల మళ్లీ తన అసలు ఆకారానికి వస్తుంది. చక్రం బరువు అంచు మీద కాకుండా పడాల్సిన చోట పడుతుంది. పైన బీటలు లేకపోతే, అల్ట్రాసౌండ్ పరీక్షలో లోపలి జబ్బు కూడా సాఫుగా తెలుస్తుంది.

"ఇనుముని అరగదీస్తే పట్టా తొందరగా పోదా?" అని పెద్దాయన అడిగారు. మంచి సవాలే. సాన పట్టే ఆయనకీ ఈ హిసాబు తెలుసు. ఎక్కువ పడితే కత్తి కరిగిపోతుంది, తక్కువ పడితే పనికిరాదు. బీట పెరిగే వేగానికి సరిపడా మాత్రమే పైపొర తీయాలి. కొంచెం కొంచెంగా, వేళకి తీస్తే పట్టా ఎక్కువ కాలం బతుకుతుంది. ఆలస్యం చేస్తే లోతుగా చెక్కాలి. ఇంకా ఆలస్యమైతే గ్రైండింగ్ కూడా ఇలాజ్ కాదు, పట్టా మార్చాల్సిందే.

ఆ మార్చడంలో కూడా గఫ్లత్ చేస్తే ఏమవుతుందో బ్రిటన్ చూసింది. 2000 అక్టోబర్ 17 మధ్యాహ్నం, లండన్ నుంచి లీడ్స్ పోయే రైలు హ్యాట్‌ఫీల్డ్ దగ్గర మలుపులో గంటకు సుమారు 185 కిలోమీటర్ల వేగంతో పోతోంది. కింద పట్టా 300కు పైగా ముక్కలైంది. నలుగురు ముసాఫిర్ల జాన్ పోయింది, 70 మందికి పైగా గాయపడ్డారు. పట్టా అంచున ఆ సన్నటి బీటలే కారణం. దుఃఖం ఏమంటే, ఆ పట్టా చెడిపోయిందని ముందే తెలుసు. మార్చడానికి కొత్త పట్టాలు తెచ్చి నెలల తరబడి లైను పక్కనే పడేసి ఉంచారు. వేయడానికి మాత్రం వేళ దొరకలేదు.

అప్పటికి అక్కడి రైల్వేని ప్రైవేటు చేసి కొన్నేళ్లయింది. లైను ఒకరిది, మరమ్మతు కాంట్రాక్టరుది. జిమ్మేదారీ ఇద్దరి మధ్యా జారిపోయింది. ప్రమాదం తర్వాత భయపడి దేశమంతా వెయ్యికి పైగా చోట్ల వేగం తగ్గించారు. నెలల పాటు రైళ్లు పాకాయి. మరుసటి ఏడాదే రైల్‌ట్రాక్ సంస్థ కుప్పకూలింది. 2005లో కోర్టు లైను సంస్థకీ, కాంట్రాక్టరుకీ కలిపి కోటీ 35 లక్షల పౌండ్ల జుర్మానా వేసింది. కాంట్రాక్టరు వాటా తర్వాత కొంత తగ్గింది. గ్రైండింగ్ రైళ్లని క్రమం తప్పకుండా నడపడం అక్కడ ఆ తర్వాతే జోరందుకుంది. ఆ నలుగురి ఇళ్లలో వాళ్లకి మాత్రం అది ఏ కామ్‌కీ రాలేదు.

2023 సంక్రాంతి నాడు సికింద్రాబాద్-విశాఖ వందే భారత్‌కి పచ్చజెండా ఊపుతుంటే మనమంతా ఫోన్లలో చూశాం. నేనూ ఖుష్ అయ్యాను. మగర్ రాత్రి రెండింటికి సాన పట్టే మెషీన్‌కి జెండా ఊపేవాళ్లు లేరు, దాని ఫోటో పేపర్లో రాదు. ఎంపీ గారు ఊరికొస్తే మనం కొత్త బండి అడుగుతాం, మన స్టేషన్లో హాల్ట్ అడుగుతాం. మన లైనులో మరమ్మతుకి రోజుకి ఎన్ని గంటల బ్లాక్ ఇస్తున్నారు, గ్రైండింగ్ వేళకి అవుతోందా, పట్టాల మీద పనిచేసే మనుషులు సరిపడా ఉన్నారా అని ఎవరం అడగం. బ్లాక్ ఇస్తే గూడ్సులు ఆగుతాయి, ఆమ్దనీ తగ్గుతుంది. కాబట్టి అడిగేవాళ్లు లేకపోతే ముందు కోత పడేది దానికే.

గ్రైండింగ్ ఒక్కటే అన్నీ చూసుకోదు. అతుకులు, కంకర, స్లీపర్లు, సిగ్నళ్లు, అన్నిటికీ ఫికర్ చేయాలి. కానీ ఈ పని ఒక గుర్తు. పట్టా విరిగాక పరుగెత్తడం కాదు, బీట కంటికి కనబడకముందే చెరపడం అసలు హిఫాజత్.

ముప్పావుగంట తర్వాత మా బండి కదిలింది. పెద్దాయన కిటికీలోంచి ఆ పసుపు బండిని చూస్తూ, "పోనీలే, ఈ లేటు మన కోసమే అన్నమాట" అన్నారు. మీ బండి కూడా ఏ రాత్రో అలా ఆగితే విసుక్కోకండి. ఊరికి చేరాక మాత్రం, ఆ బ్లాక్ మన లైనుకి సరిగ్గా ఇస్తున్నారా అని అడగడం మరవకండి. అది మన హక్కు.